చేతి బిగువు, నమూనా ముక్క

మగ్గం మీద నేసే గుడ్డకు పడుగు, పేక అనే రెండు వరుసల నూలు కావాలి. చేతి అల్లికకు ఒక్క దారమే చాలు. ఆ దారాన్ని ఉచ్చుగా మలిచి, ఆ ఉచ్చులో నుంచి మరొక ఉచ్చును, దానిలో నుంచి ఇంకొకదానిని లాగుతూ పోతే గుడ్డ తయారవుతుంది. ఈ పని రెండు సూదులతో జరిగితే నిట్టింగ్ అనీ, కొనలో కొక్కెం ఉన్న ఒకే సూదితో జరిగితే క్రోషే అనీ అంటారు. తెలుగునాట మొదటిదానిని ఊలు అల్లిక అనీ, రెండవదానిని లేసు అల్లిక అనీ పిలవడం ఉంది కాని, ఊలుతో క్రోషే పనినీ, నూలుతో నిట్టింగునూ నిక్షేపంగా చేయవచ్చు కనుక, పేరును బట్టి దారాన్ని నిర్ణయించుకోవలసిన పని లేదు.

ఈ రెండు పద్ధతులకు ఉన్న అసలు భేదం ఉచ్చుల అమరికలో ఉంది. నిట్టింగులో ఒక వరుసకు 100 కుట్లు ఉంటే ఆ 100 ఉచ్చులూ సూది మీద తెరుచుకునే ఉంటాయి. వాటిలో ఒకటి జారితే దాని కింది వరుసల ఉచ్చులు కూడా ఒకదాని వెంట ఒకటి విడిపోయి, గుడ్డ మీద నిచ్చెన మెట్ల వంటి గీత పడుతుంది. క్రోషేలో ఏ క్షణంలోనైనా తెరిచి ఉండేది సాధారణంగా ఒక్క ఉచ్చే కనుక, పనిని ఎక్కడ ఆపినా, సంచిలో ఎలా కుక్కినా నష్టం పెద్దగా ఉండదు. నిట్టింగు గుడ్డ అడ్డంగా బాగా సాగి తిరిగి సర్దుకుంటుంది కాబట్టి మేజోళ్లకూ స్వెట్టర్లకూ అనువైనది. క్రోషే గుడ్డ దళసరిగా ఉండి ఆకారాన్ని నిలుపుకుంటుంది కాబట్టి సంచులకూ టోపీలకూ కాలర్లకూ లేసు అంచులకూ పనికివస్తుంది. నిట్టింగును యంత్రానికి అప్పగించే ప్రయత్నం 1589లోనే ఇంగ్లండులో విలియం లీ మేజోళ్ల యంత్రంతో మొదలయింది. క్రోషే కుట్టును మాత్రం ఇప్పటికీ చేయే వేయాలి. యంత్రం మీద వచ్చేది దానిని పోలిన గుడ్డ మాత్రమే. అంగడిలో కనిపించే ప్రతి నిజమైన క్రోషే వస్తువు వెనుక ఎవరో ఒకరి వేళ్లు గంటల తరబడి కదిలి ఉంటాయన్న సంగతిని, ఈ విద్య నేర్చేవారు మొదటి రోజునే గ్రహించడం మంచిది.

కుట్లను నేర్వడం కష్టమేమీ కాదు. నిట్టింగులో ఉన్నవి మౌలికంగా రెండే కుట్లు, ఆ రెండూ ఒకే కుట్టుకు ముందు వెనుకలు: ఉచ్చును గుడ్డ వెనుక నుంచి ముందుకు లాగితే నిట్ అనీ, ముందు నుంచి వెనుకకు లాగితే పర్ల్ అనీ అంటారు. అన్ని వరుసలూ నిట్‌తోనే వేస్తే గట్లు గట్లుగా, అంచులు ముడుచుకోని దళసరి గుడ్డ వస్తుంది. ఒక వరుస నిట్, మరొక వరుస పర్ల్‌గా వేస్తే ముందు వైపు నున్నగా ఉండే గుడ్డ వస్తుంది కాని, దాని పక్క అంచులు వెనుకకూ, పై అంచూ కింది అంచూ ముందుకూ చుట్టుకుంటాయి. ఈ చుట్టుకోవడం అల్లేవారి తప్పు కాదు, ఆ కుట్టు స్వభావం. అందుకే స్వెట్టరు అంచులలో నిట్‌నూ పర్ల్‌నూ పక్కపక్కన పేర్చిన సాగే పట్టీని వేస్తారు. క్రోషేలో జారుముడితో మొదలుపెట్టి గొలుసు కుట్లు వేసుకుని, ఆ గొలుసు మీద పొట్టి కుట్లనో పొడవు కుట్లనో నిలబెట్టుకుంటూ పోతారు. వరుస మారేటప్పుడు, రాబోయే కుట్టు ఎత్తుకు తగినన్ని గొలుసు కుట్లు, అంటే పొట్టి కుట్టుకు ఒకటి, పొడవు కుట్టుకు మూడు, ముందుగా వేసుకోకపోతే అంచు లోపలికి గుంజుకుపోతుంది. మొదటి గొలుసు ఎప్పుడూ బిగుసుకుపోయేవారు ఆ ఒక్క వరుసకు అర మిల్లీమీటరు లావు సూదిని వాడితే చిక్కు తీరుతుంది.

ఇంతవరకూ ఏ పుస్తకమైనా చెబుతుంది. నేర్చినవారు మొదటి స్వెట్టరుతోనే నిరుత్సాహపడి సూదులను అటక ఎక్కించడానికి కారణం కుట్లు రాకపోవడం కాదు, అల్లినది ఒంటికి సరిపోకపోవడం. దానికి మూలం చేతి బిగువును కొలిచి చూసుకోకపోవడం. ఒకే ఉండలోని దారాన్నీ ఒకే సూదులనూ ఇద్దరికి ఇచ్చి చెరి 20 కుట్లు వేయమంటే రెండు ముక్కల వెడల్పులూ అరుదుగా కలుస్తాయి. దారాన్ని చిటికెన వేలికి ఒక చుట్టు చుట్టుకునేవారి చేయి ఒక తీరు, వేళ్ల మధ్య నుంచి వదులుగా పోనిచ్చేవారి చేయి మరొక తీరు. వెదురు సూది మీద ఉచ్చు పట్టుకున్నట్టుగా, ఉక్కు సూది మీద జారినట్టుగా కదులుతుంది. కొత్తగా నేర్చేవారి మొదటి వరుసలు బిగుతుగా ఉండి, భయం తీరిన కొద్దీ వదులవుతాయి. అలసిన రాత్రి వేసిన వరుసలు ఉదయం వేసిన వరుసలతో కలవవు. కాబట్టి బిగువు అనేది మంచి చెడుల విషయం కాదు. అది దస్తూరీ వంటిది, ఎవరిది వారిదే. దానిని మార్చుకోవాలని వేళ్లను వేధించేకంటే, కొలిచి తెలుసుకుని, దానికి తగిన సూదిని ఎంచుకోవడం తెలివైన పని.

కొలిచే సాధనం నమూనా ముక్క. వస్తువుకు వాడబోయే దారంతో, వాడబోయే సూదులతో, వాడబోయే కుట్టుతోనే కనీసం 15 సెంటీమీటర్ల చదరం అల్లి, దానిని వస్తువును ఉతకబోయే పద్ధతిలోనే ఉతికి, పరిచి ఆరబెట్టి, ఆ తరువాత నడి భాగంలో 10 సెంటీమీటర్ల మేర స్కేలు పెట్టి కుట్లనూ వరుసలనూ విడివిడిగా లెక్కించాలి. అంచుల కుట్లు ఎప్పుడూ వంకరపోతాయి కనుక వాటిని లెక్కలోకి తీసుకోకూడదు. అర కుట్టు వస్తే దానిని అర కుట్టుగానే రాసుకోవాలి తప్ప వదిలివేయకూడదు. ఈ పట్టుదల దేనికో ఒక లెక్క చూస్తే తెలుస్తుంది. 100 సెంటీమీటర్ల చుట్టుకొలత గల స్వెట్టరుకు 10 సెంటీమీటర్లకు 20 కుట్ల చొప్పున 200 కుట్లు వేయాలని నమూనా పుస్తకం చెప్పిందనుకుంటే, అల్లేవారి చేతిలో అదే కొలతకు 22 కుట్లు పడుతున్నప్పుడు ఆ 200 కుట్లు 91 సెంటీమీటర్లకు కాస్త తక్కువగానే ఆగిపోతాయి. 18 కుట్లు పడుతున్నప్పుడు 111 సెంటీమీటర్లకు పోతాయి. చదరంలో కనిపించీ కనిపించని రెండు కుట్ల తేడా ఒంటి మీదకు వచ్చేసరికి ఒక పూర్తి సైజు తేడా అవుతుంది. 22 వచ్చినప్పుడు లావు సూదితో, 18 వచ్చినప్పుడు సన్న సూదితో మరో ముక్క అల్లాలి. ఈ ముక్కకు పట్టే గంటను వృథా అనుకునేవారు నెల రోజుల పనిని విప్పుకోవలసి రావడం ఈ విద్యలో అతి సాధారణంగా జరిగే సంగతి.

నూలు దారంతో అల్లేవారికి ఇంకొక జాగ్రత్త అవసరం. ఊలుకు సాగి మళ్లీ ముడుచుకునే గుణం ఉంది. నూలుకు అది లేదు. తన బరువుకే తాను దిగిపోయే నూలు గుడ్డను బల్ల మీద పరిచి కొలిస్తే సరైన కొలత రాదు. ఆరిన ముక్కను ఒక రాత్రి గోడకు వేలాడదీసి, కింది అంచుకు రెండు మూడు బట్టల క్లిప్పులు తగిలించి, తెల్లవారి వరుసలను మళ్లీ లెక్కిస్తే, గౌను నెల రోజుల్లో ఎంత పొడుగు సాగుతుందో ముందే తెలుస్తుంది.

సూదుల అంకెలు కొత్తవారిని తికమకపెడతాయి. మన అంగళ్లలో పాత బ్రిటిష్ అంకెల సూదులు ఇప్పటికీ అమ్ముతారు. ఆ పద్ధతిలో అంకె పెరిగిన కొద్దీ సూది సన్నబడుతుంది, అంటే 8వ నంబరు 4 మిల్లీమీటర్లు, 10వ నంబరు 3.25 మిల్లీమీటర్లు. అమెరికా పద్ధతిలో దీనికి పూర్తిగా తిరుగు: అంకెతోపాటు లావూ పెరుగుతుంది, అక్కడి 8వ నంబరు 5 మిల్లీమీటర్ల సూది. క్రోషేలో ఈ తికమక కుట్ల పేర్లకే పాకింది. అమెరికా పుస్తకంలో సింగిల్ క్రోషే అన్నదే బ్రిటిష్ పుస్తకంలో డబుల్ క్రోషే; అమెరికా డబులే బ్రిటిష్ ట్రెబుల్. నమూనా ఏ దేశానిదో చూడకుండా మొదలుపెడితే వస్తువు ఎత్తు, దారం ఖర్చు అన్నీ తారుమారవుతాయి కనుక, సూదిని మిల్లీమీటర్లలోనూ, కుట్టును దారం ఎన్నిసార్లు చుట్టి ఎన్ని ఉచ్చుల్లో నుంచి లాగాలన్న లెక్కలోనూ గుర్తుపెట్టుకోవడం క్షేమం.

దారం విషయంలో తెలుగు ప్రాంతాల వేడికి నూలే మొదటి ఎంపిక కావాలి. కాస్టిక్ సోడాలో ముంచి నునుపు తెచ్చిన నూలును మెర్సరైజ్డ్ దారం అంటారు. 1850లో ఈ పద్ధతికి పేటెంటు పొందిన జాన్ మెర్సర్ పేరు మీద ఆ మాట వచ్చింది. అది రంగును బాగా పట్టుకుంటుంది, కుట్టును స్పష్టంగా చూపుతుంది, తొందరగా నూగు రేగదు. దారం కొనేటప్పుడు పేటలనూ పురినీ పరీక్షించాలి: రెండు వేళ్ల మధ్య నలిపినప్పుడు పేటలు విడిపోతున్న దారం కొక్కేనికి సగం చిక్కి సగం తప్పుతుంది. అక్రిలిక్ చవక, ఉతకడానికి సులువు. కాని అది వేడికి కరుగుతుంది కాబట్టి వంటింట్లో వేడి గిన్నెలు పట్టుకునే గుడ్డలకు దానిని ఎంతమాత్రం వాడకూడదు, ఇస్త్రీ పెట్టె దాని మీద పెట్టకూడదు. ఊలును వేడి నీళ్లలో నలిపి ఉతికితే దాని పోగుల మీద ఉన్న పొలుసులు ఒకదానినొకటి పట్టుకుని గుడ్డ గట్టిపడి కుంచించుకుపోతుంది. చల్లని నీళ్లు, తక్కువ సబ్బు, పిండకుండా తువ్వాలులో చుట్టి అదమడం దానికి తగిన పద్ధతి. ఏ దారమైనా మొత్తం పనికి కావలసినంత ఒకే లాటులో కొనాలి. లాటు మారితే అంగడిలో కంటికి ఆనని రంగు తేడా స్వెట్టరు వీపు మీద అడ్డగీతలా కనబడుతుంది.

కుట్ల లెక్క చేతిలో ఉంటే నమూనా పుస్తకం లేకపోయినా వస్త్రాన్ని రూపొందించుకోవచ్చునని చూపినవారిలో ఎలిజబెత్ జిమ్మర్‌మన్ ముఖ్యురాలు. ఇంగ్లండులో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఈమె స్వెట్టరులోని ప్రతి భాగాన్నీ ఒంటి చుట్టుకొలత కుట్లలో ఇంత శాతమని లెక్కకట్టింది. ఒంటికి 200 కుట్లయితే చేతి మణికట్టు వద్ద అందులో 20 శాతం, అంటే 40 కుట్లు. పైచేయి దగ్గర సుమారు మూడో వంతు, అంటే 66. చంక కింద 8 శాతం, అంటే 16. మెడ చుట్టూ 40 శాతం, అంటే 80. మనుషుల శరీరాలు ఒకే అచ్చులో పోసినవి కావు కనుక ఈ శాతాలు మొదలుపెట్టడానికే. కాని ఒంటి మీద ఒకటికి రెండుసార్లు తొడిగి చూసుకుంటూ సవరించుకునేవారికి ఇంతకంటే నమ్మకమైన ఊతకర్ర లేదు. స్వెట్టరు చుట్టుకొలతను ఛాతీ కొలతకు 5 నుంచి 10 సెంటీమీటర్లు కలిపి లెక్కకట్టాలి. దూరదేశంలో ఉన్న మనవడికో మనవరాలికో అల్లే అమ్మమ్మలు పిల్లల ఒంటి కొలతను ఫోనులో అడగడం కంటే, వారికి ఇప్పుడు సరిగ్గా ఉన్న స్వెట్టరును బల్ల మీద పరచి, చంక నుంచి చంకకు ఎంత ఉందో కొలిచి చెప్పమనడం మేలు. కదిలే బిడ్డను టేపుతో కొలిస్తే ప్రతిసారీ ఒక కొత్త అంకె వస్తుంది.

టోపీ లెక్క స్వెట్టరు లెక్కకు తిరుగు. అది తలను పట్టుకుని ఉండాలి కాబట్టి తల చుట్టుకొలతకంటే రెండు మూడు సెంటీమీటర్లు తక్కువగా అల్లుతారు. ఏడాది బిడ్డ తల 46 సెంటీమీటర్లు ఉంటే టోపీ 44 సెంటీమీటర్లు చాలు. క్రోషే టోపీని నడినెత్తి నుంచి గుండ్రంగా మొదలుపెడతారు: పొడవు కుట్లతో మొదటి చుట్టులో 12, తరువాతి చుట్లలో 24, 36, 48 చొప్పున ప్రతి చుట్టుకూ 12 కుట్లు పెంచుకుంటూ పోతే బిళ్ల చదునుగా పరుచుకుంటుంది. పెంచడం తక్కువయితే అది గిన్నెలా లోపలికి ముడుచుకుంటుంది, ఎక్కువయితే అంచు కుచ్చిళ్లు పోతుంది. ఈ రెండు లక్షణాలు కంటికి వెంటనే కనిపిస్తాయి కనుక ఒక్క చుట్టు విప్పితే సరిపోతుంది. పెంచడం ఎక్కడ ఆపాలన్నది చాలామంది ఊహకు వదిలే విషయం, ఊహ అవసరం లేని విషయం కూడా: 44ను 3.14తో భాగిస్తే 14 వస్తుంది, బిళ్ల వ్యాసం 14 సెంటీమీటర్లు కాగానే పెంచడం మానివేసి అవే కుట్లతో చుట్లు వేసుకుంటూ దిగాలి. బిగువు బాగా తెలిసిన చేతికి ఈ లెక్క ఎన్నడూ తప్పదు.

నిట్టింగులో ఉచ్చు జారిపోతే అల్లినదంతా విప్పనవసరం లేదు. ఉచ్చు జారినట్టు గమనించిన వెంటనే, లాగకుండా, అది ఇంకా కిందికి జారకుండా ఒక పిన్నీసు గుచ్చి, గుడ్డ నున్నటి వైపును ఎదురుగా పెట్టుకోవాలి. జారిన ఉచ్చుకు పైన అడ్డంగా పరుచుకున్న దారపు మెట్లు కనిపిస్తాయి. ప్రతి మెట్టూ ఒక వరుస. సన్నని క్రోషే కొక్కేన్ని ఉచ్చులోకి ముందు నుంచి దూర్చి, దానికి సరిగ్గా పైనున్న మెట్టును పట్టి, ఉచ్చులో నుంచి ముందుకు లాగితే కొత్త ఉచ్చు పుడుతుంది; దానిలో నుంచి ఆ పై మెట్టు, దానిలో నుంచి ఇంకొక మెట్టు. మెట్లన్నీ అయిపోగానే ఉచ్చును పక్క కుట్ల సరసన సూది మీదికి ఎక్కించాలి. ఒక మెట్టును దాటవేస్తే వెనుక వైపు దారం వదులుగా వేలాడుతుంది కనుక వరుస తప్పకుండా కింది నుంచి పైకే పోవాలి. ఊలు పోగులు ఒకదానినొకటి అంటిపెట్టుకుంటాయి కాబట్టి ఉచ్చు కొంతసేపు ఆగుతుంది. నూలు, పట్టు ఆగవు, అక్కడ చేయి చురుకుగా కదలాలి. నిట్టింగు చేసేవారి సంచిలో క్రోషే సూది తప్పక ఉండవలసింది ఇందుకే.

అల్లిక ముగిశాక చేసే పనులను తొందరలో చుట్టబెట్టడం పెద్ద పొరపాటు. దారపు కొసలను 15 సెంటీమీటర్లయినా వదిలి, మొద్దు సూదితో ఒక దిక్కుకు పోనిచ్చి, మళ్లీ ఎదురు దిక్కుకు తిప్పి గుడ్డలోనే దాచాలి; ముడి వేసి కత్తిరిస్తే మూడో ఉతుకుకు ముడి పైకి తేలుతుంది. ముక్కలను తడిపి, కావలసిన కొలతకు పిన్నులతో పరిచి ఆరబెట్టిన తరువాతే కలిపి కుట్టాలి. నూలు లేసును గంజి పెట్టి, పూవు పూవునూ పిన్నుతో నిలబెట్టి ఆరబెడితే దాని నమూనా విచ్చుకుంటుంది.

ముక్కలను కలిపే ఈ పనిలో బిగువు విలువను బాగా ఎరిగిన చోటు పశ్చిమ గోదావరి నర్సాపురం. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చిన క్రోషే లేసు అక్కడి ఊళ్లలో ఇళ్ల అరుగుల మీద స్థిరపడి, 2024లో భౌగోళిక గుర్తింపు పొందింది. అక్కడ ఒక బల్లగుడ్డను ఒక్కరే మొదటి నుంచి చివరి దాకా అల్లడం తక్కువ. పువ్వులు అల్లేవారు వేరు, వాటిని అతికేవారు వేరు. అందుకే ఒక ఇంట్లో అల్లిన పువ్వు మరో ఇంట్లో అల్లిన పువ్వు పక్కన సరిగ్గా కూర్చోవాలి. ఒక్క పువ్వు బిగిసినా దాని చుట్టూ గుడ్డ ముడుచుకుంటుంది, ఒక్కటి వదులయినా ఉబ్బుతుంది. వేర్వేరు చేతులను ఒకే కొలతకు తేగలగడం గొప్ప నైపుణ్యం. అయినా జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో వెలువడిన ‘ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ గ్రంథంలో చూపినట్టు, ప్రపంచ మార్కెట్ కోసం ఉత్పత్తి చేస్తున్న ఆ స్త్రీలను గృహిణులుగానే లెక్కకట్టి, వారి పనిని తీరిక వేళ కాలక్షేపంగా చూసినందువల్ల కూలి ఎప్పుడూ అడుగునే ఉండిపోయింది. పని గంటలు ఎవరూ లెక్కించకపోవడం దీనికి పెద్ద కారణం, అన్యాయమైన కారణం.

నమూనా ముక్క ఆ లెక్కనూ చెప్పగలదు. 15 సెంటీమీటర్ల చదరం అంటే 225 చదరపు సెంటీమీటర్లు. అది 9 గ్రాములు తూగి, 50 నిమిషాలు పట్టిందనుకుంటే, 75 సెంటీమీటర్ల వెడల్పు, 90 సెంటీమీటర్ల పొడవు గల పసిబిడ్డ దుప్పటి అలాంటి 30 ముక్కలతో సమానం: దారం 270 గ్రాములు, తరుగు కలుపుకుంటే 300; సమయం 25 గంటలు. అమ్మకానికి అల్లేవారు దారం ఖరీదు పక్కన ఈ 25 గంటలనూ తప్పక రాసుకుని, ధర ఆ రెండింటి మీదా కట్టాలి. బంధువులకు కానుకగా అల్లేవారికీ ఇచ్చేది ఎంతటి వస్తువో తెలుస్తుంది. ముక్కను విప్పి దారాన్ని వాడుకోవాలన్న ఆశ కలుగుతుంది కాని, దానిని ఒక నోటు పుస్తకంలో కుట్టి, పక్కన సూది మిల్లీమీటర్లు, దారపు లాటు నంబరు, కుట్లు, వరుసలు, గ్రాములు, నిమిషాలు, తేదీ రాసి ఉంచాలి. ఏడాది తరువాత మోచేయి దగ్గర చిరిగిన స్వెట్టరు తిరిగి వచ్చినప్పుడు, అదే లాటు దారం ఏ అంగడిలోనూ దొరకదు. ఆ పుస్తకంలోని ముక్కను విప్పి మాసిక వేయవచ్చు.